దీక్షా శిబిరం నుంచి వార్తల పేజీ దాకా

2010 జులైలో పదహారు రోజుల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల అనే తడినేలలో, మరొకటి ఢిల్లీలో. పైకి వాటికి పొత్తు కనిపించదు. తెలుగు విలేకరి ఎక్కడ నిలబడి వార్త రాస్తాడన్న ప్రశ్నకు మాత్రం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే జవాబు దొరుకుతుంది.

జులై 14న, నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ తలపెట్టిన 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పనులకు కాపలాగా పోలీసు బలగాలు బీలలోకి దిగాయి. చుట్టుపక్కల ఊళ్ల రైతులు, మత్స్యకారులు, ఆడవాళ్లు అడ్డం నిలిచారు. కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. చెల్లని అనుమతి కోసం రెండు నిండు ప్రాణాలు పోయాయి.

జులై 30న ఢిల్లీలో ప్రెస్ కౌన్సిల్ సమావేశమైంది. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన పత్రికల మీద ఇద్దరు సభ్యుల ఉపసంఘం ఇచ్చిన 71 పేజీల నివేదిక ముందుకొచ్చింది. రాసినవాళ్లు పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి. అందులో పత్రికల పేర్లున్నాయి. ఆ నివేదికను పూర్తిగా బయటపెట్టకూడదని కౌన్సిల్ నిర్ణయించింది. కుదించిన పాఠం మాత్రం విడుదల చేసింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే తప్ప, 2011 చివరికి గాని, పూర్తి పాఠం జనం ముందుకు రాలేదు.

శ్రీనివాసరెడ్డి అప్పటికి విశాలాంధ్ర సంపాదకుడు. అది కమ్యూనిస్టు పార్టీ పత్రిక. ఆయన జర్నలిస్టుల యూనియన్ నాయకుడు కూడా. ఆయన ఎటువైపో రాష్ట్రంలో పత్రిక చదివే ప్రతివాడికీ తెలుసు. ఏ జెండా లేదని, అందరివాళ్లమని చెప్పుకున్న పత్రికలు కాలమ్‌లు అమ్ముకున్నాయని పేర్లతో సహా రాసింది జెండా దాచుకోని మనిషి. ఆయన వెనక ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ఉంది. 2009 ఎన్నికలప్పుడే పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసి ఈ జబ్బును బయటపెట్టిన సంఘం అది.

ఇక్కడినుంచి సోంపేటకు వద్దాం.

ఊరి విలేకరికి ఊరు ఉంటుంది

సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో మండల విలేకరి అంటే ఎవరో పట్నం చదువరికి తెలియకపోవచ్చు. చాలామందికి జీతం లేదు. లైను లెక్కన డబ్బు వస్తుంది. ప్రకటన తెస్తే కమీషన్ వస్తుంది. బతుకుతెరువుకు ఇంకో పని ఉండాల్సిందే. ప్రైవేటు బళ్లో పాఠాలు, బీమా ఏజెన్సీ, కొబ్బరి తోటో జీడి తోటో. పొద్దున తోటలో, మధ్యాహ్నం తహసీల్దారు ఆఫీసు దగ్గర, సాయంత్రం డెస్కుకు వార్తలు పంపుతూ కనిపించే మనిషే జిల్లా పేజీకి ఆధారం. ఆయన బావమరిది బీలకింద సాగుచేసుకుంటాడు. మేనత్త ఊరు బారువ పక్కన. ఏ ఇంట్లో ఎవరు చనిపోయినా వార్త కంటే ముందు ఆయనకు కబురొస్తుంది.

థర్మల్ కేంద్రానికి 2008లో ప్రభుత్వం 972 ఎకరాల బీల భూమిని జీవో 1107తో కేటాయించింది. బీల అంటే వాన నీరు చేరి నిలిచే లోతట్టు. దాని నీటితో ఎత్తిపోతల సాగు నడుస్తుంది. చేపలు దొరుకుతాయి, పశువులకు మేత దొరుకుతుంది, పక్షులు వచ్చి దిగుతాయి. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. డాక్టర్ వై. కృష్ణమూర్తి ముందుండి నడిపిన పర్యావరణ పరిరక్షణ సంఘం సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టింది. రోజుకో ఊరు, రోజుకో కులసంఘం, రోజుకో వృత్తివాళ్లు టెంటులో కూర్చునేవారు. కాల్పుల తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ టెంటు లేవలేదు.

ఇలాంటి దీక్షలో తన ఊరి వంతు వచ్చిన రోజున విలేకరి ఏం చేయాలి? టెంటు ముందు నిలబడి ఫొటో తీసుకోవాలా? లోపలికెళ్లి తనవాళ్ల పక్కన కూర్చోవాలా? కూర్చుంటే రేపు ఆయన రాసిన వార్తను కంపెనీ నమ్మదు, కలెక్టరు నమ్మడు. కూర్చోకపోతే ఊరు నమ్మదు. "ఏటి బాబూ, నీది ఈ ఊరు కాదేటి?" అని ముఖం మీదే అడుగుతారు.

హైదరాబాదునుంచి కారేసుకొచ్చి రెండు రోజులుండి వెళ్లే విలేకరికి ఈ ఇరకాటం లేదు. ఆయన చూపుకు విలువ లేదని కాదు. కొత్త కళ్లకు కనిపించేవి కొన్ని ఉంటాయి. కానీ బీలలో ఏ నెలలో ఎంత నీరు ఉంటుందో, ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడినవాళ్లలో ఎవరు ఏ ఊరివాళ్లో, కంపెనీ పక్షాన నిలిచినవాళ్లకు భూమి ఉందో లేదో రెండు రోజుల్లో అంతుపట్టదు. అప్పిలేట్ అథారిటీ అనుమతిని రద్దుచేయడానికి ముఖ్యమైన కారణం కూడా అదే: ఆ నేల స్వభావం గురించి పైకి వెళ్లిన సమాచారం తప్పుదారి పట్టించేదిగా ఉంది. ఆ నేల తడినేల అని ఉద్దానంలో పశువుల కాపరికి కూడా తెలుసు. ఆ తెలివిడి ఉన్న విలేకరిని, ఉద్యమంలో ఉన్నాడు కాబట్టి పనికిరాడని పక్కన పెడితే, నిజానికి అతి దగ్గరగా ఉన్న సాక్షిని పోగొట్టుకుంటాం.

ఇంకో మనిషి సంగతి చూడండి. సోంపేటలోనూ, తర్వాత కాకరాపల్లిలోనూ విద్యుత్ కేంద్రాల మీద జరిగిన పోరాటాలకు అండగా నిలిచిన ఇ.ఎ.ఎస్. శర్మ కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసినవారు. విద్యుత్ కేంద్రాలకు అనుమతులు ఎలా వస్తాయో, ఫైలులో ఏ పేజీలో ఏది దాస్తారో ఆయనకు తెలుసు. గతంలో ఆ శాఖలో పనిచేశాడు కాబట్టి ఆయన మాట చెల్లదని ఎవరూ అనలేదు. ఆ గతమే ఆయన మాటకు బలం. విలేకరి గతాన్ని కూడా అలా ఎందుకు చూడమో నాకు అర్థం కాదు.

గతం లేని ఇల్లేది?

ఈ నేల చరిత్రలో ఉద్యమం తాకని ఊరు వెతకాలంటే కష్టం. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ సభ ముగిసిన కొన్ని రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి హక్కుల కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. నేటికీ ఆమెను వీరగున్నమ్మ అనే పిలుస్తారు. జమీందారీ వ్యతిరేక పోరాటాన్ని నడిపిన సర్దార్ గౌతు లచ్చన్నది బారువ. సోంపేటకు అది ఎంతో దూరం కాదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు కూడా గడవకముందే శ్రీకాకుళ సాయుధ పోరాటం. పలాస పక్కనే ఉన్న బొడ్డపాడు ఆ పోరాటానికి కన్నతల్లి లాంటి ఊరు. 1969 మే 27న జలంత్రకోట దగ్గర పంచాది కృష్ణమూర్తి, ఆయన సహచరులు పోలీసుల చేతుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. పట్టుకుని కాల్చేశారని ఉద్యమం చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో జముకుల కథలు కట్టిన కవి సుబ్బారావు పాణిగ్రాహి కూడా అలాగే పోయాడు.

ఆ రోజుల్లో వార్త ఎలా తయారయ్యేదో తలుచుకుంటే నిష్పాక్షికత గురించి మనకున్న భ్రమలు కొన్ని తొలగిపోతాయి. కొండమీదికి విలేకరి వెళ్లలేడు. పోలీసు ప్రకటన వస్తుంది. ఎంతమంది చచ్చారో, ఎన్ని తుపాకులు దొరికాయో అందులో ఉంటుంది. దాన్ని యథాతథంగా అచ్చువేసిన విలేకరికి ఏ పార్టీతోనూ సంబంధం ఉండకపోవచ్చు. ఏ ఊరేగింపులోనూ నడిచి ఉండకపోవచ్చు. అయినా ఆయన రాసింది ఒక పక్షం వార్తే. అధికారికంగా వచ్చింది కాబట్టి దానికి పక్షం లేదని అనుకోవడం మన వృత్తిలో అతి పాత అలవాటు. 2010లో సోంపేటలోనూ 2011లో కాకరాపల్లిలోనూ కాల్పుల తర్వాత మొదటి గంటల్లో టీవీల్లో నడిచిన వాక్యాలు గుర్తున్నవాళ్లకు ఇది కొత్త మాట కాదు. పరిస్థితి చేయి దాటిందని, ఆత్మరక్షణకు కాల్చాల్సి వచ్చిందని, బయటివాళ్లు రెచ్చగొట్టారని. ఈ మూడు మాటల్లో ప్రతిదాన్నీ తనిఖీ చేయొచ్చు. ఎవరు కాల్చమన్నారు, ముందు హెచ్చరించారా, గుండు ఒంట్లో ఎక్కడ తగిలింది, పోలీసుల్లో ఎంతమందికి ఏ గాయాలు. ఇవన్నీ కాగితం మీద ఉంటాయి. అడిగేవాడు కావాలి.

పత్రికలను పుట్టించినవాళ్లు

తెలుగు పత్రికల పుట్టుకే ఉద్యమంలో జరిగింది. 1908లో తిరునల్వేలి కాల్పులను నిలదీస్తూ బెజవాడ స్వరాజ్య పత్రికలో వచ్చిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు మూడేళ్లు కఠిన కారాగారం అనుభవించారు. ఆ కేసు కూడా కాల్పుల మీద రాసిన రాతకే అని గమనించండి. అదే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు, తర్వాత పదేళ్లపాటు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన మనిషి. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసే దాకా కృష్ణాపత్రికను నడిపింది స్వాతంత్ర్యం కోసమే.

వాళ్లను పక్షపాతులని ఇప్పుడెవరూ అనరు. ఆ పోరాటం గెలిచింది కాబట్టి అనరు. ఓడిన పోరాటంలోంచి వచ్చిన విలేకరికీ, ఇంకా నడుస్తున్న పోరాటంలోంచి వచ్చినవాడికీ ఈ మన్నన దొరకదు. ఈ తేడాకు న్యాయం లేదు. అయితే ఆ పెద్దల దగ్గర మనం నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. ఆంధ్రపత్రిక కొన్నవాడికి అది ఎవరి పత్రికో తెలుసు. నాగేశ్వరరావు పంతులుగారు తన పక్షం దాచి నిష్పక్షపాతినని చెప్పుకోలేదు. చదువరి ఆ సంగతి మనసులో పెట్టుకునే చదివాడు.

ఏ పార్టీకీ చెందని పెద్ద పత్రిక అనే భావన మనకు బలపడింది ఆ తర్వాతే. 1974 ఆగస్టులో విశాఖపట్నంలో ఈనాడు మొదలై, 1989 నుంచి జిల్లా అనుబంధాలు వచ్చాక, మండల వార్త మండల ప్రజలకు అచ్చులో కనిపించింది. ఆ పత్రికే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. ఊరూరా జరిగిన పోరాటాలను రోజూ అచ్చువేసింది. ఒక్క విలేకరి కాదు, సంస్థ మొత్తం ఉద్యమంలో దిగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ పత్రిక రాజకీయ ఇష్టాయిష్టాల మీద విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఆ ఆడవాళ్ల పోరాటం గురించి వచ్చిన వార్తలు అబద్ధాలని ఎవరూ చూపలేకపోయారు. సారా దుకాణం మూతపడిందో లేదో ఊళ్లోకి వెళ్తే కనిపించేది.

కొలవాల్సింది పద్ధతిని

నిష్పాక్షికత అన్న మాటను అమెరికాలో పత్రికా వృత్తికి బలంగా ముడిపెట్టినవాళ్లలో వాల్టర్ లిప్‌మన్ ఒకరు. 1920 ఆగస్టులో ఆయన, చార్లెస్ మెర్జ్ కలిసి ఒక పరిశీలన అచ్చువేశారు. రష్యా విప్లవం గురించి న్యూయార్క్ టైమ్స్ మూడేళ్లపాటు రాసిన వార్తలన్నీ వరసపెట్టి చదివారు. బోల్షివిక్కులు ఇవాళో రేపో కూలిపోతారని ఆ పత్రిక మళ్లీ మళ్లీ రాసింది. అలా జరగలేదు. రాసినవాళ్లు కుట్రదారులు కాదు. ఏ ఉద్యమంలోనూ సభ్యులు కాదు. తాము ఏది జరగాలని కోరుకున్నారో దాన్నే చూశారని ఆ పరిశీలన తేల్చింది. మనిషికి ఇష్టం లేకుండా చేయలేం కాబట్టి, ఆ ఇష్టాన్ని అడ్డుకునే పద్ధతి కావాలన్నది లిప్‌మన్ వాదం. ఆధారం చూపడం, ఎవరు చెప్పారో చెప్పడం, తనకు నచ్చని సాక్ష్యాన్ని కూడా వెతకడం. తర్వాత ఎనభై ఏళ్లకు బిల్ కోవాచ్, టామ్ రోసెన్‌స్టీల్ జర్నలిజం మూలసూత్రాల మీద పుస్తకం రాసినప్పుడు మళ్లీ అదే చెప్పారు. నిష్పాక్షికంగా ఉండాల్సింది విలేకరి కాదు, అతని పద్ధతి.

ఈ కొలతతో చూస్తే దీక్షలో కూర్చున్న విలేకరికి ఒక కష్టం నిజంగానే ఉంది. దాన్ని దాటవేసి నేను ఆయన తరఫున వాదించలేను. బీల ఊళ్లలో కేంద్రం కావాలన్నవాళ్లు కూడా ఉన్నారు. ఉద్యోగం వస్తుందని ఆశపడ్డ కుర్రాళ్లున్నారు. ఎకరానికి వచ్చే ధర చూసి మొగ్గినవాళ్లున్నారు. వలస వెళ్లకుండా ఊళ్లోనే నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చని నమ్మినవాళ్లున్నారు. ఉద్దానంనుంచి ఏటా ఎంతమంది పని కోసం దేశాలు పట్టిపోతారో తెలిసినవాడు ఆ ఆశను తేలిగ్గా తీసిపారేయలేడు. వాళ్లలో కొందరు డబ్బుకు లొంగినవాళ్లు కావచ్చు, కానీ అందరూ కాదు. ఉద్యమంలోంచి వచ్చిన విలేకరికి కంపెనీ అధికారిని ప్రశ్నించడం కష్టం కాదు. పక్కింటివాడు భూమి ఎందుకు ఇచ్చాడో అతని మాటల్లోనే, అతని గౌరవం తగ్గకుండా రాయడం కష్టం. ఆ వార్త రాయగలిగినవాడు ఏ శిబిరంలోంచి వచ్చినా విలేకరే. రాయలేనివాడికి ఏ గతమూ లేకపోయినా ఆ పేరు చెల్లదు.

మంచి చేయాలన్న ఆత్రం ఇంకో రకంగా కూడా దెబ్బ తీస్తుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు దానికి సాక్షి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో ఆ జబ్బు ఇళ్లకు ఇళ్లను తినేసింది. దాన్ని లోకానికి చూపింది ఇక్కడి విలేకరులే. ఏళ్లపాటు డయాలిసిస్ కేంద్రాల కోసం, మంచినీటి కోసం వాళ్లు రాసిన రాతలు లేకపోతే పట్నంవాళ్లకు ఉద్దానం పేరే తెలిసేది కాదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి వచ్చాయంటే అందులో వాళ్ల పాలు ఉంది. అదే సమయంలో, నీటిలో సిలికా అని ఒకరు, పురుగుమందులని ఒకరు, నేలలోని లోహాలని ఒకరు కారణాన్ని తేల్చినట్టే శీర్షికలు పెట్టారు. కారణం ఇంకా రుజువు కాలేదు. ఎండలో ఒళ్లు హూనమయ్యే పని, నీళ్లు చాలకపోవడం, ఇంకా అనేక కారణాలను పరిశోధకులు పరిశీలిస్తూనే ఉన్నారు. తేలకముందే తేలిందని రాస్తే జనం బావి నీళ్లు మానేసి డబ్బా నీళ్లు కొంటారు, ఉన్న కాస్త డబ్బూ దానికే పోతుంది. ప్రజల పక్షం అంటే ప్రజలకు తప్పుడు ధైర్యమో తప్పుడు భయమో ఇవ్వకపోవడం కూడా.

ఉద్యమం గెలిచాక వచ్చే పరీక్ష మరీ కఠినం. 2001లో తెలంగాణ జర్నలిస్టుల ఫోరం పెట్టుకున్నవాళ్లు దాచకుండా రాష్ట్రం కావాలన్నారు. అది నిజాయతీ. 2014లో రాష్ట్రం వచ్చింది. ఫోరం అధ్యక్షుడు అల్లం నారాయణ ప్రెస్ అకాడమీ అధ్యక్షుడయ్యారు. ఆయన ఒక్కరే కాదు, ఉద్యమంలో భుజం కలిపిన రాతగాళ్లు చాలామంది ప్రభుత్వానికి దగ్గరయ్యారు. నిన్నటిదాకా రోడ్డు మీద తనతో నడిచినవాడు ఇవాళ మంత్రి కుర్చీలో ఉంటే, ఆ మంత్రి శాఖ గురించి రాయాల్సిన విలేకరి తన చేతిని తానే పట్టుకుంటాడు. గతంలో ఉద్యమం చేయడం కంటే, వర్తమానంలో అధికారానికి రుణపడటం ప్రమాదం. ఈ తేడాను మనవాళ్లు ఎప్పుడూ విడమరచి చూడరు.

ఎక్కడ గీత గీయాలి?

ఇది మన ఒక్కరి తకరారు కాదు. 1989 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో గర్భస్రావ హక్కుల కోసం జరిగిన ఊరేగింపులో న్యూయార్క్ టైమ్స్ సుప్రీంకోర్టు విలేకరి లిండా గ్రీన్‌హౌస్ నడిచారు. పత్రిక ఆమెను మందలించింది. కానీ కోర్టు వార్తలనుంచి తప్పించలేదు. 1998లో ఆ వార్తలకే ఆమెకు పులిట్జర్ వచ్చింది. 2021 మేలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ అమెరికాలోని ఫీనిక్స్‌లో కొత్తగా చేరిన ఎమిలీ వైల్డర్‌ను రెండు వారాలు దాటీ దాటకముందే తీసేసింది. స్టాన్‌ఫర్డ్‌లో చదివేటప్పుడు ఆమె పాలస్తీనా పక్షాన చేసిన పనులను కొందరు తవ్వితీసి గొడవ చేశారు. ఉద్యోగంలో చేరాక సోషల్ మీడియాలో పెట్టిన రాతల వల్లే తీసేశామని సంస్థ అంది. ఆ సంస్థలోని వందమందికి పైగా సిబ్బంది ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ రాశారు.

ఈ రెండింటిలో మొదటి పత్రిక చేసిందే మేలని నా తీర్పు. నడుస్తున్న కేసు గురించి రాసేవాడు ఆ కేసులోని ఊరేగింపులో నడవకూడదన్న నియమం సబబే. ఆ రోజు టెంటులో కూర్చున్న విలేకరి ఆ టెంటు వార్త రాయకుండా, పక్క మండలం విలేకరి చేత రాయించడం డెస్కుకు పెద్ద పని కాదు. కానీ ఇరవై ఏళ్ల వయసులో విద్యార్థి సంఘంలో తిరిగాడని, తండ్రి ఏదో పోరాటంలో జైలుకెళ్లాడని, కాల్పుల తర్వాత పెట్టిన కేసుల్లో అతని పేరు కూడా ఉందని జీవితాంతం వెంటాడటం అన్యాయం. సోంపేట కాల్పుల తర్వాత వందలమంది మీద కేసులు పెట్టారు. కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల్లో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ కేంద్రాన్ని ఎదిరించిన వడ్డితాండ్ర ప్రాంతంలో 2011 ఫిబ్రవరి 28న మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు, మళ్లీ కేసులు. ఆ ఊళ్లలో అప్పటి కుర్రాళ్లు ఇప్పుడు ముప్పై దాటినవాళ్లు. వాళ్లలోంచి ఒక్క విలేకరి కూడా రాకూడదంటే, ఆ తీరం గురించి రాసే హక్కు బయటివాళ్లకే ఉంటుంది.

ఇంతకీ గతం గురించి అడిగేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. ప్రాజెక్టు పెట్టే కంపెనీలు ఆగస్టు 15కి, జనవరి 26కి పత్రికలకు శుభాకాంక్షల ప్రకటనలు ఇస్తాయి. వాటిని తెచ్చి ఇవ్వాల్సింది ఆ మండల విలేకరే. పైనుంచి ఆయనకు టార్గెట్ ఉంటుంది. పొద్దున ప్రకటన కోసం వెళ్లిన గేటు దగ్గరికే సాయంత్రం కాలుష్యం వార్త కోసం వెళ్లాలి. ఒకరోజు టెంటులో కూర్చున్నవాడి రాతను అనుమానిస్తాం. ఏడాది పొడుగునా ఆ గేటు ముందు నిలబడాల్సి వచ్చినవాడి రాతను అనుమానించం. ఇందులో విలేకరి తప్పు కంటే ఆయనకు జీతం ఇవ్వని ఏర్పాటు తప్పే ఎక్కువ. ఇక యజమానుల సంగతి. తెలుగులో పెద్ద పత్రికలకు, చానళ్లకు ఇతర వ్యాపారాలున్నాయి, రాజకీయ బంధుత్వాలున్నాయి. సాక్షిని 2008లో మొదలుపెట్టింది ఒక ముఖ్యమంత్రి కుటుంబం. విశాలాంధ్ర, ప్రజాశక్తి పార్టీల పత్రికలని వాటి పాఠకులకు తెలుసు. మిగతావాటి సంగతి కూడా జనానికి తెలుసు గాని, అచ్చులో ఒక్క వాక్యం కూడా కనిపించదు.

అందుకే సంపాదకులను ఒకటి అడుగుతున్నాను. ఏ వార్తతో విలేకరికి, పత్రికకు, యజమానికి సంబంధం ఉందో ఆ వార్త కింద ఒక్క వాక్యం అచ్చువేయండి. ఈ విలేకరి ఈ ఉద్యమంలో పాల్గొన్నారని. ఈ కంపెనీ మాకు ప్రకటనలు ఇస్తుందని. ఈ సంస్థలో మా యాజమాన్యానికి వాటా ఉందని. మూడింటికీ ఒకే నియమం. మొదటిది మాత్రమే అచ్చువేసి మిగతా రెండూ దాచేటట్టయితే అసలు వద్దు.

విలేకరులకు చెప్పేది ఇంకోటి. మీరు ఏ శిబిరంలోంచి వచ్చినా సిగ్గుపడొద్దు. మీ వాళ్లు చెప్పిన లెక్కను మాత్రం ఎదుటివాళ్లు చెప్పిన లెక్క కంటే రెండుసార్లు ఎక్కువ తనిఖీ చేయండి. ఊళ్లో అందరికీ తెలిసిన, అందరూ రాయొద్దనే సంగతి ఏదైనా ఉంటే దాన్నే ముందు రాయండి. సోంపేట ప్రజలు గెలిచింది కాగితాలతో. నేల స్వభావాన్ని, అనుమతిలోని తప్పులను ఒక్కొక్కటిగా అథారిటీ ముందు పెట్టారు. 2018లో భూమి కేటాయింపును ప్రభుత్వమే రద్దుచేసింది. ఆవేశం వాళ్లను టెంటుదాకా తెచ్చింది, రుజువు వాళ్లకు బీలను తిరిగి ఇచ్చింది.

చదువరులకు కూడా ఓ మాట. ఈసారి మీ మండల విలేకరి మీ ఇంటి ముందుకొస్తే, ఆయన ఏ ఊరేగింపులో నడిచాడని అడగండి, తప్పు లేదు. పత్రిక ఆయనకు నెలకెంత ఇస్తుందని, ప్రకటనల టార్గెట్ ఎంతని కూడా అడగండి.